స్ప్రింట్ ట్రయాథ్లాన్: ముందు ఈత సంగతి చూడండి

సంపాదకులకు,

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా సాగే పోటీ ట్రయాథ్లాన్. ఆ మాట అనగానే అందరికీ చాలా ఎక్కువ దూరాలుండే ఐరన్‌మ్యానే గుర్తొస్తుంది. కొత్తవారికి తగినది స్ప్రింట్: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. చాలామంది ముందు సైకిల్ ధర ఆరా తీస్తారు. అసలు ఇబ్బంది నీళ్లలోనే. పూల్‌లో అడుగున గీత ఉంటుంది, చివర గోడ దొరుకుతుంది. చెరువులో, సముద్రంలో ఆ రెండూ ఉండవు. ఆరేడు బారలకోసారి కళ్లు నీటిపైకెత్తి దారి చూపేందుకు నీటిపై తేలేలా పెట్టిన గుర్తును (బోయ్) చూసుకోకపోతే పక్కకు పోయి, ఎక్కువ దూరం ఈదాల్సి వస్తుంది. మొదటి 100 మీటర్లు ఆత్రంగా ఈదితే ఊపిరి అందదు. గుంపుకు ఓ పక్కగా, నిదానంగా మొదలుపెట్టాలి.

సైకిల్‌ను స్టాండు నుంచి తీయకముందే హెల్మెట్ పట్టీ బిగించాలి, లేదంటే పెనాల్టీ. సైకిల్ దిగగానే కాళ్లు మొద్దుబారినట్టుంటాయి. వారానికోసారి 15 కిలోమీటర్లు తొక్కి, ఆగకుండా 2 కిలోమీటర్లు పరిగెత్తితే అలవాటవుతుంది. కొత్త బూట్లు, శక్తి కోసం తినే కొత్త రకం జెల్ రేసు రోజున వద్దు.

నిర్వాహకులు ముందురోజు రక్షణ పడవల కాపలాలో గంటసేపైనా ఈత సాధనకు వీలు కల్పించాలి. అందుకోసం టీషర్టు, మెడల్ ఖర్చు తగ్గించినా ఎవరూ అడగరు.

– ఒక ట్రయాథ్లాన్ శిక్షకుడు, విశాఖపట్నం