జీన్ టెస్టు సంగతి తర్వాత, ముందు నడుం కొలవండి

సంపాదకులు గారికి,

ఉమ్మి శాంపిల్ ఇస్తే షుగర్ వస్తుందో రాదో చెప్పేస్తాం అంటూ జెనెటిక్ టెస్టు ప్యాకేజీల ప్రకటనలు మా వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. డబ్బులు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. టైప్ 2 షుగర్ ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. 2006లో బయటపడిన టీసీఎఫ్7ఎల్2 జన్యువులోని మార్పునే అన్నిటికన్నా బలమైనదిగా చెబుతారు, అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినా రిస్కు పెరిగేది సుమారు ఒకటిన్నర రెట్లే, అది లేనివాళ్లకీ షుగర్ వస్తూనే ఉంది.

మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడగడానికి పైసా ఖర్చు లేదు. చెన్నై డాక్టర్లు ఎప్పుడో 2005లోనే వయసు, నడుం చుట్టుకొలత, ఒంటికి ఉన్న వ్యాయామం, తల్లిదండ్రుల షుగర్, ఈ నాలుగింటితో ఒక రిస్క్ స్కోరు తయారుచేశారు, వందకి 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పరీక్ష చేయించుకోవాల్సిందే. నడుం మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి బొజ్జ ఒక్కటే ముందుకొచ్చినవాళ్లు మనలో ఎంతమంది లేరు!

మా విశాఖ బీచ్ రోడ్డులో పెట్టే షుగర్ పరీక్ష క్యాంపుల్లో మాత్రం నడుం కొలిచే టేపు కనపడదు. వాకింగ్ అయ్యాక ఇడ్లీ తిని టీ తాగి వచ్చినాయన వేలు గుచ్చి, చీటీ మీద 138 అని రాసి ‘నార్మలే సార్’ అని పంపేస్తారు. అదే 138 పరగడుపున వస్తే షుగర్ ఉన్నట్టే లెక్క, హద్దు 126. తిన్నాక వచ్చిన ఆ అంకె ఏదీ తేల్చదు, ఆయనేమో నిశ్చింతగా ఇంటికెళ్లిపోతాడు. రక్తంలో షుగర్ మూడు నెలల సగటు చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ 5.7 దాటితే జాగ్రత్తపడాలి, 6.5కి వస్తే షుగరే. కానీ రక్తహీనత ఉన్నవాళ్లకి, పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకునేవాళ్లలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్నవాళ్లకి అదొక్కటే చూస్తే లెక్క తప్పొచ్చు, పరగడుపు పరీక్ష కూడా చేయాలి.

30 దాటినవాళ్లందరికీ ఉచిత స్క్రీనింగ్ అని ప్రభుత్వ కార్యక్రమం ఉంది, సంతోషం. ఆటో డ్రైవరూ, అపార్ట్‌మెంట్ వాచ్‌మనూ డ్యూటీ మానుకుని పరగడుపున వచ్చి ఎక్కడ కూర్చుంటారు? జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలోని పట్టణ ఆరోగ్య కేంద్రాలు వారానికి ఒక్కరోజైనా పొద్దున్నే 6 గంటలకి తెరిచి రక్తం తీయాలి, ఆశా కార్యకర్తల చేతికి టేపు ఇవ్వాలి. షుగర్ అంచున ఉన్నవాళ్లు నడక, తిండి మార్చుకుంటే అది ముదిరే అవకాశం 28 శాతం దాకా తగ్గిందని 2006లో మన దేశంలో జరిగిన అధ్యయనమే చూపించింది, అంచున ఉన్నామని ముందు వాళ్లకి తెలియాలి కదా.

క్యాంపులు పెట్టేవాళ్లకీ ఒక మాట, ఏమీ తినకుండా రమ్మని ముందురోజే చెప్పండి, లేదంటే తినొచ్చినవాళ్ల చీటీ మీద నార్మల్ అని రాయకండి.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం