రెండు కిలోమీటరు రాళ్లు

చి. సుధకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు ముందుకన్నా నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం నన్ను తిడుతుంది, ఆ మెట్లు కట్టించింది నేనే కదా. నీ గదిలో ఫ్యాన్ చప్పుడు చేస్తుంటే బాగు చేయించాను. ఎవరూ పడుకోని గదికి ఫ్యాన్ రిపేరు ఎందుకని అడిగింది అమ్మ. నేనేం మాట్లాడలేదు.

నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. లెక్కపెట్టింది నేను కాదు, అమ్మ. మధ్యలో 'బాగున్నా, బిజీ' అని రెండు మెసేజీలు వచ్చాయిలే. అవి ఫోన్ కింద లెక్క కాదంది.

ఈ ఉత్తరం ఊరికే రాస్తున్నాను, ప్రత్యేకంగా పనేం లేదు. మొన్న మురళి బావ వచ్చి వెళ్లాడు. కొడుకు సంగతి, అల్లుడి సంగతి అన్నీ చెప్పి, లేచేముందు గుమ్మం దగ్గర నిలబడి ఇంకో మాట అన్నాడు. వాళ్ల స్నేహితుడెవరో అక్కడి ఎయిర్‌పోర్టులో నిన్ను చూశాడట. అర్ధరాత్రి దాటాక, యూనిఫాంలోనే, గేటు దగ్గర కుర్చీలో ముడుచుకుని నిద్రపోతున్నావట. తెల్లారి చూస్తే లేవట. మా సుధ అయి ఉండదులే, పైలట్లందరి యూనిఫాం ఒకేలా ఉంటుంది అన్నాను. అంతటితో ఆ మాట వదిలేశాం.

చిన్నోడు ఇప్పుడు నాకు రోజూ ఫోన్‌లో విమానాల సంగతులు చదివి వినిపిస్తున్నాడు. నువ్వు ఉండేది ఒక ఊళ్లో, డ్యూటీ మొదలయ్యేది అదే దేశంలో ఇంకో ఊళ్లో. మీ కంపెనీ వేరే దేశానిది కాబట్టి, దాని విమానం ఆ దేశంలోకి వచ్చి పోగలదే గాని, ఆ దేశం లోపల ఒక ఊళ్లో ఎక్కించుకుని ఇంకో ఊళ్లో దింపడానికి లేదటగా. 1944లో షికాగోలో రాసుకున్న ఒప్పందంలోనే ఉందట, ఏడో ఆర్టికల్. లోపలి ప్రయాణికులను మోసే పని పరాయి దేశపు విమానాలకు ఇవ్వనని ఏ దేశమైనా అనొచ్చు. అందుకని మా అమ్మాయి, నాలుగు చారలు వేసుకున్న కెప్టెన్, ఇంకొకళ్ల గేటు దగ్గర సీటు మిగులుతుందా అని నిలబడాలి. డ్యూటీ మొదలయ్యే ఊళ్లోనే ఇల్లు తీసుకోవచ్చు కదా అనే మాట నేను ఎత్తను. పోయినసారి ఎత్తితే రెండు వారాలు మాట్లాడలేదు.

పైలట్లు కూర్చునే కాక్‌పిట్ తలుపు లోపలికి ఎవరిని రానివ్వాలో ముందు ఆ దేశం రూలు చెప్పాలి, తర్వాత ఆ కంపెనీ, చివరికి కెప్టెన్. అమెరికాలో అయితే సెప్టెంబర్ 11 తర్వాత కంప్యూటర్‌లో ఫోటో, ఉద్యోగం సరిచూసి మరీ పంపే పద్ధతి పెట్టారట. పరాయి కంపెనీ వాళ్లకు ఆ లోపల పైలట్ల వెనకుండే మడత సీటు దొరకడం అంత సులువు కాదని, చాలాసార్లు ప్రయాణికుల వైపు ఖాళీ సీటు మిగిలితేనే ఎక్కుతానని నువ్వే అన్నావు. మిగలకపోతే? ఆ ముక్క నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు.

దొరికిన రోజున మర్యాదగా ఉండు. గేటులో అమ్మాయి సరే అన్నా సరే, లోపలికి వెళ్లి కెప్టెన్‌ని నీ నోటితో అడుగు. లైసెన్సు, మెడికల్, కార్డు చేతిలో సిద్ధంగా పెట్టుకో, బ్యాగులో వెతుక్కోకు. నీకు వెతుక్కునే అలవాటుంది. పదివేల అడుగుల కింద పనికి సంబంధం లేని మాట ఒక్కటి మాట్లాడకు. వాళ్లు చూడనిది ఏదైనా నీ కంటపడితే మాత్రం మొహమాటపడకు. దిగేటప్పుడు థాంక్స్ చెప్పు. ఇవన్నీ నీకు తెలుసని నాకూ తెలుసు. లెక్చరు ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

ఆ మడత సీటు గురించి మీ అమ్మకు ఒక మంచి సంగతే చెప్పాను. 2018 అక్టోబర్ 28న ఇండోనేషియాలో బాలి నుంచి జకార్తా వెళ్లే విమానం ముక్కు దానంతటదే కిందికి పోతుంటే, ఆ మడత సీట్లో ఊరికే కూర్చుని వెళ్తున్న ఇంకో పైలట్ ఆ ఇద్దరికీ సాయం చేశాడట. ముక్కును పైకీ కిందికీ తిప్పే ట్రిమ్ మోటారుకు కరెంటు ఆపేశాక విమానం మాట విని, క్షేమంగా దిగింది. మర్నాడు అదే విమానం, వేరే పైలట్లు, మడత సీట్లో ఎవరూ లేరు. 189 మంది పోయారు. మొదటి సగం వరకే అమ్మకు చెప్పాను. 2023లో ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే విమానంలో అదే సీట్లో కూర్చున్న పైలట్ ఇంజన్లు ఆపే హ్యాండిళ్లు లాగబోయాడే, అది అసలే చెప్పలేదు. నలభై గంటలుగా నిద్ర లేదని పోలీసులకు చెప్పాడట. ఇంకా వేరే కారణాలూ ఉన్నాయనుకో.

ఎటు తిరిగినా నిద్ర దగ్గరికే వస్తున్నాను కదా. సరే, వచ్చాను కాబట్టి చెబుతాను. 2009 ఫిబ్రవరిలో నెవార్క్ నుంచి బఫెలో వెళ్తూ ఒక విమానం కూలింది. యాభై మంది పోయారు. అందులో కో పైలట్ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. ఉండేది సియాటిల్ దగ్గర. ముందు రోజు రాత్రి కార్గో విమానంలో జంప్‌సీటు, అదే ఆ మడత సీటు అడిగి, మెంఫిస్‌లో మారి, దేశం ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చింది. వచ్చి సిబ్బంది గదిలో సోఫా మీద కాసేపు ఒరిగింది. ప్రమాదానికి అలసటే కారణమని ఎవరూ తేల్చలేదు, కెప్టెన్ పొరపాటనే రాశారు. అలసిపోయి ఉంటారని మాత్రం రాశారు. చిన్నోడు ఆ సోఫా సంగతి చదువుతుంటే ఇక చాలు ఆపమన్నాను.

గేదె కథ నీకు తెలుసు. నలుగురు చేరితే మీ బాబాయి చెప్పేదే. పట్టాల మీద గేదెను చూసి నేను గూడ్స్ ఆపితే, వెనక గార్డు తన పెట్టె మీద బోర్లా పడ్డాడని. నువ్వు చిన్నప్పుడు గేదెలా నడిచి చూపించేదానివి.

అందులో గేదె లేదమ్మా.

అప్పటికి నువ్వు పుట్టలేదు. తాతయ్య ఆసుపత్రిలో ఉన్నారు. రెండు రాత్రులు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మూడో రోజు డ్యూటీ. ఎక్కాల్సిన బండి తప్పిపోయింది. అటు పోయే గూడ్స్ ఒకటి నిలబడి ఉంటే డ్రైవర్‌ని అడిగాను. వేరే డివిజన్ ఆయన, నన్నెప్పుడూ చూడలేదు. నా కార్డు చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. 'ఎక్కు, మాట్లాడకు' అన్నాడు. నాలుగున్నర గంటలు వాళ్ల వెనక నిలబడి వచ్చాను. ప్రతి సిగ్నల్‌కీ వాళ్లిద్దరూ రంగు గట్టిగా చెప్పుకుంటుంటే నాకు జోలపాటలా ఉంది. దిగి, మొహం కడుక్కుని, రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. రెస్టు తీసుకున్నారా అని అడిగాడు క్లర్కు, పెన్ను అందిస్తూనే. తీసుకున్నానన్నాను. నా బదులు వెళ్లడానికి ఇంకొకడు లేడు, పైగా అలిసిపోయానని చెప్పుకోవడానికి నామోషీ.

తెల్లవారుజాము మూడు దాటింది. 412వ కిలోమీటరు రాయి చూసినట్టు గుర్తుంది. తర్వాత చూసింది 415. మధ్యలో రెండు రాళ్లు ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్లు తెరిచే ఉన్నానట. నా అసిస్టెంటు యాదగిరి పసుపు, పసుపు అని అరిచాడట, నేను పసుపు అని జవాబు కూడా ఇచ్చానట. చెయ్యి మాత్రం బ్రేకు మీదికి పోలేదు. అతనే తన వైపు ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. ఎర్ర లైటుకు ఇవతల, ఒక ఇంజన్ పొడవంత దూరంలో ఆగాం. నా మోకాళ్లు వణుకుతుంటే కిందికి దిగలేకపోయాను. గార్డు టార్చి పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఏమైందంటే, యాదగిరే అన్నాడు, గేదె అడ్డమొచ్చిందని. ఈ సంగతి ఇన్నేళ్లుగా ఇంట్లో మీ అమ్మకు ఒక్కదానికే తెలుసు. యాదగిరి పోయిన రోజు నేను ఎందుకంత ఏడ్చానో నువ్వు అడిగావు చూడు, అందుకు.

మా రోజుల్లో చెప్పడానికి మాటే లేదు. మీకు ఫెటీగ్ కాల్ అని ఒకటుందట కదా, చిన్నోడు చెప్పాడు. అలిసిపోయాను, నడపలేను అని ఫోన్ చేయడం. నువ్వు ఎప్పుడైనా చేశావా? పేరు పాడవుతుందని చేయవు. నీది నా పోలికే. డ్యూటీకి ఒక రోజు ముందే బయల్దేరు. సీటు దొరక్కపోతే మంచం ఉన్న గది తీసుకో, ఆ డబ్బు నేను పంపిస్తాను, నవ్వకు. కుర్చీలో పడుకుంటే మెడ పడుతుంది, నీకు ఎడమ వైపు ముందే నొప్పి.

ఇది అందగానే ఫోన్ చెయ్యి. ఏ టైమైనా పర్లేదు. మేము నిద్రపోము, అంటే త్వరగా నిద్రపోము.

మీ నాన్న

మరిచాను. మురళి బావ ఇంకో ముక్క కూడా చెప్పాడు. ఆ కుర్చీ పక్కన ఉన్న బ్యాగు పిడికి ఎర్ర గుడ్డ ముక్క కట్టి ఉందట. బెల్టు మీద ఒకేలాంటి బ్యాగుల్లో నీది గుర్తుపట్టలేకపోతున్నానంటే, నా పాత ఎర్రజెండా చింపి నేను కట్టిందే కదా అది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.