బెగ్గురు పక్షుల సినిమాకి ముందు టీవీ సంగతి

ఒరేయ్ సూరీ,

‘లెత్యాత్ జురావ్లీ’ (ఇంగ్లీషులో ‘ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’) అనే రష్యన్ సినిమాకి ఏ డిస్క్ కొనమంటావని అడిగావుగా, తీరిగ్గా రాస్తున్నా. జురావ్లీ అంటే కొంగలని రాసేస్తారు గానీ, అవి బెగ్గురు పక్షులురా. 1957లో మాస్‌ఫిల్మ్ అనే సోవియట్ స్టూడియో తీసింది. దర్శకుడు కలతోజొవ్, కెమెరా ఉరుసెవ్‌స్కీ. మరుసటి ఏడే కాన్ చిత్రోత్సవంలో అతి పెద్ద బహుమతి పామ్ డోర్ కొట్టింది.

ముందు రీజియన్ చూడు, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆ డిస్క్ ఆడుతుందో చెప్పే గుర్తు. అమెరికాలో క్రైటీరియన్ అనే డిస్క్ కంపెనీ వాళ్ల బ్లూ-రే ‘ఎ’ రీజియన్‌ది. మన దగ్గర అమ్మే ప్లేయర్లు ‘సి’. పెడితే తెర మీద రీజియన్ తప్పని వస్తుందంతే. రీజియన్ ఫ్రీ ప్లేయర్ ఉంటేనే దాని జోలికి వెళ్లు. డీవీడీ అయితే రష్యాదీ మనదీ ఒకటే, 5. కానీ పాల్ (సెకనుకి 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డీవీడీలో ఓ తిరకాసుంది. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25తో నడిపిస్తారు. గంటన్నర పైచిలుకు సినిమా దాదాపు నాలుగు నిమిషాలు తగ్గిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. హీరో బొరీస్‌గా వేసిన బతాలొవ్ మాట మెత్తదనం అక్కడే పోతుంది. అందుకే నీ ప్లేయర్‌లో ఆడేట్టయితే నా ఓటు బ్లూ-రేకే.

టీవీలో మొదట మోషన్ స్మూతింగ్ ఆపెయ్. ఎల్జీలో ట్రూమోషన్ అనీ, సోనీలో మోషన్‌ఫ్లో అనీ ఉంటుంది. ఎందుకంటావా? బొరీస్‌కి తూటా తగిలి పడిపోయేటప్పుడు పైన భూర్జ చెట్ల కొమ్మలు గిర్రున తిరుగుతాయి. ఆ తిరుగుడు మీదే అతను మెట్లెక్కడం, జరగని పెళ్లి, మేలిముసుగులో అతని ప్రేయసి వెరోనికా, అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. లేని ఫ్రేముల్ని టీవీ ఊహించి మధ్యలో దూర్చిందంటే కొమ్మలు, ముసుగు కలిసి ముద్దయిపోతాయి. తక్కువ బిట్‌రేటుతో కుదించిన కాపీలో కూడా సరిగ్గా ఇక్కడే గళ్లు పడతాయి. ఏ కాపీ దొరికినా ముందు ఈ సీన్ పెట్టి చూడు, దాని నాణ్యత తేలిపోతుంది.

తెర మీది బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.37:1. ఫుల్ హెచ్‌డీ తెర మీద 1480 పిక్సెళ్ల వెడల్పే వస్తుంది, అటూ ఇటూ చెరో 220 పిక్సెళ్ల నల్ల పట్టీ. ‘జూమ్’ నొక్కావో తలలూ కాళ్లూ తెగుతాయి. ఆ పట్టీలు నీకు పనికొస్తాయి కూడా. గది చీకటి చేసి, పట్టీలు బూడిదరంగు తిరిగేదాకా బ్రైట్‌నెస్ పెంచు. తర్వాత ఒక్కో అంకె తగ్గిస్తూ, అవి మళ్లీ నల్లబడిన చోట ఆపు. అంతకంటే తగ్గిస్తే విమానదాడి రాత్రి బొరీస్ బంధువు మార్క్ పియానో వాయించే సీన్‌లో మొహాలు చీకట్లో కలిసిపోతాయి. షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ తీసెయ్. తెర మీద సన్నగా కదిలే ఇసుకలాంటిది ఫిల్ములోదే, లోపం కాదు.

సౌండ్ రష్యన్ మోనోనే (ఒకే చానెల్ ధ్వని) పెట్టు. కొన్ని డీవీడీల్లో చుట్టూ స్పీకర్లకి పంచిన 5.1 మిక్స్ ఉంటుంది గానీ, మోనోగా తీసిన సినిమాకి అది అతుకే. సబ్‌టైటిల్స్‌లో ‘స్క్విరల్’ అని వచ్చినప్పుడల్లా ‘ఉడుత’ అనుకో. వెరోనికాని బొరీస్ ‘బేల్కా’ అని ముద్దుగా పిలుస్తాడు. అతనిచ్చిన ఉడుత బొమ్మ బుట్టలో గింజల కింద ఒక చీటీ ఉంటుంది. అది ఎక్కడ, ఎవరి చేతికి చిక్కుతుందో నువ్వే చూడు, నేను చెప్పను.

కొనేముందు నీ ప్లేయర్ మోడల్ నంబరు రాయి. రీజియన్ మార్చే వీలుందో లేదో చూసి చెప్తా.

నీ
రవి