వదినకి ఆపరేషన్ గురించి సత్యానికి

ఒరేయ్ సత్యం,

నువ్వడిగిన దానికి ఫోన్‌లోనే నాలుగు ముక్కలు చెప్పేసేవాణ్ణి. కానీ పక్కన మీ అన్నయ్య కూడా వింటున్నాడు, తొందరలో ఏదో ఒకటి అనేస్తే ఆయనకి లేనిపోని టెన్షన్. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

వదినకి మింగుడు పడకపోవడం ఎకలేషియా అనే అన్నవాహిక జబ్బు వల్లేనని తేలింది, పోయెమ్ చేద్దామన్నారు. అంటే నోట్లోంచి స్కోప్ (కొసన కెమెరా ఉన్న సన్నటి గొట్టం) పంపి అన్నవాహిక కండరాన్ని లోపల్నుంచే కోయడం, బయట కోత ఉండదన్నారు. ఇంట్లో అందరూ మచ్చ పడదని సంబరపడుతుంటే నువ్వొక్కడివే "నోటి నిండా క్రిములే కదరా, అందులోంచి వెళ్ళి లోపల కోస్తే చీము పట్టదా?" అన్నావు. స్కూల్లో మాస్టార్లని విసిగించిన బుర్ర ఊరికే పోలేదు. ఈ రకం ఆపరేషన్లు మొదలుపెట్టిన డాక్టర్లని కూడా భయపెట్టిన ప్రశ్నే అది.

చర్మం మీద కోయాలంటే బెటడిన్ పూసి, స్టెరైల్ గుడ్డలు కప్పి, కోసే చోటు మాత్రం వదులుతారు. నోటికి, గొంతుకి ఆ వెసులుబాటు లేదు. ఎంత కడిగినా క్రిములు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. 2004లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో ఆంథొనీ కల్లూ బృందం పందుల మీద చేసిన పని ప్రచురించింది. నోట్లోంచి స్కోప్ పంపి, జీర్ణాశయం గోడకి చిన్న కంత పెట్టి, దాని బయట పొట్ట లోపలి ఖాళీలోకి వెళ్ళి చూసి వచ్చారు. ముందుగా ఆ జీర్ణాశయాన్ని యాంటిబయాటిక్ కలిపిన నీళ్ళతో కడిగారు. అంటే మొదటి రోజు నుంచే నీ అనుమానం వాళ్ళకీ ఉందన్నమాట. ఇంచుమించు ఆ కాలంలోనే మన హైదరాబాద్‌లో, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో నాగేశ్వర రెడ్డి గారు, జి.వి. రావు గారు కలిసి ఒక రోగికి నోట్లోంచే అపెండిక్స్ తీశారు. ఆయన పొట్ట మీద చర్మమంతా కాలిపోయి ఉండటంతో పైనుంచి కోయడం కష్టమైంది. ఈ సంగతి మన వాళ్ళకే చాలామందికి తెలియదు!

2007లో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో జాక్ మరెస్కో బృందం ఒకామెకి యోని మార్గంలో గాల్ బ్లాడర్ తీసింది. ఆ దారిని బెటడిన్‌తో బాగా శుభ్రం చేయొచ్చు, గైనకాలజిస్టులు ఎన్నో ఏళ్ళుగా అలా చేస్తూనే ఉన్నారు. జీర్ణాశయంలో అయితే యాసిడ్ కొంత కాపలా కాస్తుంది, అదే చాలా క్రిముల్ని చంపేస్తుంది. మనవాళ్ళు ఏళ్ళ తరబడి మింగే గ్యాస్ మాత్రలు ఆ కాపలాని తగ్గిస్తాయి. వదిన అలాంటివి వాడుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పమను. ఆపమని నేను అనడం లేదు, అది ఆయన చూసుకుంటారు.

ఇక వదిన సంగతి. ఎకలేషియాలో అన్నవాహిక కింది కండరం వదులవదు కాబట్టి తిన్నది పైనే నిలవ ఉండిపోతుంది. ఆ నిలవలో క్రిములు పెరుగుతాయి, ఒక్కోసారి తెల్లటి ఫంగస్ కూడా పడుతుంది. అందుకే ముందు ఒకటి రెండు రోజులు ద్రవాలే తాగమంటారు, ఫంగస్ ఉంటే దానికి మందు ఇచ్చి తగ్గాకే చేస్తారు. "ఆకలేస్తోంది, ఒక్క ఇడ్లీ తింటే ఏమవుతుంది" అని మీ అమ్మగారు జాలిపడి పెట్టేస్తారేమో, నువ్వు దగ్గరుండి చూసుకో. మత్తిచ్చేటప్పుడు ఆ నిలవ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, దానికి నేను ఎక్కువ భయపడతాను. యాంటిబయాటిక్ ఇంజెక్షన్ కోతకి ముందు గంటలోపు పడాలి. కోసే సమయానికి మందు రక్తంలో ఉండాలి, ఆ తర్వాత వేస్తే ఉపయోగం తక్కువ.

నాకు బాగా నచ్చేది సొరంగం. 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవే మనుషులకి మొదలుపెట్టిన పద్ధతి ఇది. అన్నవాహిక లోపలి పొరకి పైన చిన్న గాటు పెట్టి, ఆ పొరకీ కండరానికీ మధ్య సొరంగంలా దారి చేసుకుంటూ కిందికి వెళ్తారు. కండరాన్ని కోసేది గాటు దగ్గర కాదు, అక్కడినుంచి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగాకే. మనూళ్ళో వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం తిన్నగా కనిపిస్తుంది చూడు, ఇక్కడ పై గాటూ కింది కోతా అలా ఎదురెదురుగా ఉండకూడదు. పని అయ్యాక పై గాటుని క్లిప్పులతో మూసేస్తారు. కోసిన కండరం మీద లోపలి పొర చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి మింగిన ఉమ్మి ఛాతీలోకి దిగడానికి దారి దొరకదు. ఆ పొర చిరిగితే మాత్రం ప్రమాదమే, అందుకే కనిపించిన ప్రతి చిరుగునీ అప్పటికప్పుడే మూస్తారు.

ఇప్పుడు నా పని, అంటే స్కోపులు కడగడం గురించి. స్కోప్ వేడికి తట్టుకోదు, కత్తెరల్లాగా ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే పెట్టెలో) పెట్టలేం. అందుకే మొత్తం భారం సింక్ దగ్గర నిలబడ్డ మనిషి మీద పడుతుంది. బయటికి తీసిన వెంటనే, ఇంకా తడిగా ఉండగానే ఛానెల్‌లోంచి, అంటే స్కోప్ లోపలి సన్నటి దారిలోంచి, మురికిని కరిగించే ఎంజైమ్ నీళ్ళు లాగాలి. ఎండిందంటే లోపల పొర కట్టేస్తుంది, ఆ తర్వాత ఏ మందూ దాన్ని దాటి వెళ్ళలేదు. లీక్ టెస్టులో గాలి నింపి నీళ్ళలో ముంచితే, ఎక్కడైనా చిల్లు ఉంటే సన్నగా బుడగలు వరసకడతాయి. తర్వాత సన్నటి పొడవాటి బ్రష్‌ని ఛానెల్‌లోకి తోస్తాం. అవతల కొసలోంచి కుచ్చు బయటికి రాగానే దాన్ని నీళ్ళలో వేళ్ళతో నలిపి కడిగి వెనక్కి లాగుతాం. కుచ్చు మీద ఇంత మరక కూడా కనిపించనంత వరకు మళ్ళీ మళ్ళీ ఇదే పని. ఆ తర్వాతే క్రిముల్ని చంపే మందు ద్రావణం, కడగడం, గాలితో ఆరబెట్టడం. తడి మిగిలితే రాత్రికి రాత్రే క్రిములు పెరుగుతాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు ఫొటో పేపర్లో పడుతుంది, సింక్ దగ్గరవాడిది పడదు. పోనీలే!

2015లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో ఒక ఆసుపత్రిలో ఏమైందో తెలుసా? పిత్తనాళంలోకి పంపే ఒకరకం స్కోప్ కొసలో కదిలే చిన్న మీట ఉంటుంది. ఆ సందుల్లోంచి మొండి బ్యాక్టీరియా ఒక రోగి నుంచి ఇంకొకరికి పాకింది, కొందరు చనిపోయారు కూడా. కంపెనీ చెప్పినట్టే కడిగామని ఆ ఆసుపత్రి చెప్పింది. వదినకి వాడే స్కోప్‌లో ఆ మీట ఉండదు, కంగారుపడకు. లోపల కోసే కత్తి, క్లిప్పులు స్టెరైల్‌గా వస్తాయి.

కౌన్సెలింగ్‌కి వెళ్ళినప్పుడు సిగ్గుపడకుండా అడుగు: స్కోపులు కడిగిన రికార్డు రాస్తారా, యాంటిబయాటిక్ ఎప్పుడు ఇస్తారు, మర్నాడు లీకు ఉందో లేదో ఎలా చూస్తారు? మామూలుగా రంగు మందు తాగించి ఎక్స్‌రే తీస్తారు, అది బాగుంటేనే నీళ్ళు మొదలుపెడతారు. ఇంటికొచ్చాక జ్వరం, ఛాతీలో నొప్పి, మెడ దగ్గర ఉబ్బు, ఆయాసం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేయండి, తర్వాత నాకూ ఒకటి కొట్టు.

తేదీ ఖాయమయ్యాక చెప్పు, ఆ రోజుకి డ్యూటీ మార్చుకుంటాను. మీరంతా మా ఇంట్లోనే దిగండి, లాడ్జీ అన్నావంటే ఊరుకోను.

నీ
మూర్తి