300 గ్రాముల కాలిపర్ మా జిల్లాకి ఎప్పుడొస్తుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ల్యాబ్‌లో కొత్త మెటీరియల్ కనిపెట్టారు, ఎముకకి పనికొస్తుంది, గుండెకి పనికొస్తుంది అని మీ పేపర్లో పడ్డప్పుడల్లా కత్తిరించి దాచుకుంటా, మా ఆవిడ నవ్వుతుంది. రెండేళ్లప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు చచ్చుబడింది. అప్పట్నించీ ఇనప రాడ్లు, తోలు బెల్టులు, కింద బిగించిన బూటు, దీన్నే కాలిపర్ అంటారు. వానాకాలం కీలు తుప్పుపట్టి కిర్రుమనేది, నేను బడికొస్తున్నానని సందు మొదట్లోనే తెలిసిపోయేది.

కలాం గారు హైదరాబాద్‌లో క్షిపణుల పని చూసే రోజుల్లో, అగ్ని క్షిపణి కోసం చేసిన కాంపోజిట్ అనే తేలికపాటి గట్టి పదార్థాన్ని నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరొకాయన చేత్తో ఎత్తి చూసి, మూడు కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ తిరిగే పిల్లల దగ్గరికి కలాం గారిని తీసుకెళ్లారంట, మూడు వారాల్లో 300 గ్రాములది తయారైంది, ఈ సంగతి కలాం గారే సభల్లో చెప్పేవారు. విన్నప్పుడల్లా సంతోషమే, నా కాలికి ఉన్నది మాత్రం ఇప్పటికీ ఇనుమే.

కాలిపర్ అంటే మాత్ర కాదండీ, డబ్బాలో వేసి పంపెయ్యడానికి. కాలికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ చుట్టి అచ్చు తియ్యాలి, అందులో ప్లాస్టర్ పిండి కలిపి పోసి కాలు బొమ్మ చెయ్యాలి, ప్లాస్టిక్ షీటు ఓవెన్లో మెత్తబడ్డాక దానిమీద పరిచి వాక్యూమ్‌తో అతికేలా లాగాలి, ఆ తర్వాత తొడిగి నడిపించి ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ సరిచెయ్యాలి. క్యాంపుల్లో కొలతలు రాసుకుపోతారు, ఆర్నెల్లకి వస్తువొస్తుంది, మోకాలి దగ్గర పుండు పడుతుంది, సరిచేసే మనిషి ఉండడు, అటకెక్కుతుంది. నాకు రెండుసార్లు ఇదే అయింది. పాత దాని బెల్టు కుట్టిపెట్టే మా వీధి చెప్పుల తాతే నాకు దిక్కు.

త్రివేండ్రం శ్రీచిత్ర వైద్య సంస్థలో కృత్రిమ గుండె వాల్వు మూడు మోడళ్లు ఫెయిలయ్యాయి, అయినా గుండె సర్జన్ వలియత్తాన్ గారి టీమ్ వదల్లేదు, నాలుగోది 1990 డిసెంబర్ 6న మనిషికి పెట్టారు, తర్వాత కంపెనీకిచ్చి చేయిస్తే లక్ష మందికి పైగా అందింది. ఆపరేషన్ చేసే డాక్టర్లూ మెటీరియల్ పరీక్షించే ఇంజినీర్లూ ఒకే సంస్థలో ఉన్నారు కాబట్టి కుదిరిందని నాకనిపిస్తుంది. మా విషయంలో కనిపెట్టడం ఎప్పుడో అయిపోయింది, బిగించే చెయ్యే లేదు.

దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో పోలియో లేదని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, మంచిదే, కానీ దాంతోపాటు మమ్మల్ని కూడా లేనట్టే లెక్కేశారేమో. మేమింకా ఉన్నాం, వయసు పైబడేకొద్దీ మంచి కాలు కూడా అరిగిపోయి ఆ ఇనుము మొయ్యలేకపోతున్నాం.

ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక చిన్న వర్క్‌షాపు, ఒక ఓవెన్, ట్రైనింగ్ అయిన టెక్నీషియన్ ఒకరు, వారానికి రెండ్రోజులు ఉన్నా చాలు. మీ రిపోర్టర్లక్కూడా ఒక మాట, ఈసారి ల్యాబ్ వార్త రాసేటప్పుడు సైంటిస్టు గారిని అడగండి, సార్ ఇది మా ఊళ్లో ఎవరు బిగిస్తారు అని.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్గొండ