ఫొటో షేక్ అయిందా, చేశారా?

సంపాదకులకు,

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవమని మా ఊళ్లో చిన్న ప్రదర్శన పెట్టారు. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని, ఊరుకోలేక వెళ్లాను.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి మంగళగిరి నేత కార్మికుడి ఫొటో పెట్టింది. గుంట మగ్గంలో పెద్దాయన. పోగును అటూ ఇటూ మోసుకెళ్లే నాడె ఆడించే కుడి చెయ్యి చెరిగిపోయి పొగలా ఉంది. మొహం కూడా కాస్త అదిరింది. జడ్జిగా వచ్చినాయన పది సెకన్లు కూడా నిలబడలేదు. "షేక్ అయిందమ్మా, ఐఎస్‌వో పెంచుకోవాల్సింది" అని పక్క ఫొటోకి వెళ్లిపోయారు. (ఐఎస్‌వో అంటే కెమెరా వెలుతురును పట్టే శక్తి. అది పెంచితే షట్టర్ త్వరగా మూసుకున్నా ఫొటో చీకటిగా రాదు.) ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"ఏం చూపిద్దామనుకున్నావమ్మా?" అని అడిగాను. "ఆయన చెయ్యి పొద్దున్నుంచీ ఒక్కసారీ ఆగలేదు సార్. ఆపి తీస్తే అబద్ధమనిపించింది. అందుకే షట్టర్ సెకనులో ఎనిమిదో వంతు సేపు తెరిచి ఉండేలా పెట్టాను" అంది. అంటే కావాలనే చేసింది. అలాగని మెచ్చుకుని వచ్చెయ్యలేదు. "చెయ్యి సరే, వెనక గోడ మీద క్యాలెండర్ ఎందుకు కదిలింది? అన్నీ కదిలితే చెయ్యి సంగతి ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. కాసేపు ఫొటో వంకే చూసి, "చేత్తో పట్టుకునే తీశాను సార్" అంది.

జడ్జిగారు పట్టిన తప్పు నిజమే. కానీ ఆయన చెప్పినట్టు ఐఎస్‌వో పెంచి, దాంతో షట్టర్ స్పీడు పెంచితే ఆ చెయ్యి కూడా ఆగిపోయేది. ఆమెకు కావాల్సింది కెమెరాను కదలకుండా నిలబెట్టే స్టాండు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆయనే చెప్పేవారు.

కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 1860లలో తీసిన పోర్ట్రెయిట్లకు ఫోకస్ లేదని అప్పటి ఫొటోగ్రఫీ పత్రికలు తిట్టిపోశాయి. అవే ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అదిరిన ప్రతి ఫొటో కళ అయిపోదు లెండి, నా స్టూడియోలోనే బస్తాడు చింపి పారేశాను.

తీసినవాళ్లూ వినాలి. ఒకాయన చనిపోయిన వాళ్లమ్మ నెగెటివ్ తెస్తే, దాని మీద సన్న పెన్సిల్‌తో రెండు గంటలు కూర్చుని ముడతలూ, గడ్డం మీది మచ్చా తీసేశాను. ప్రింటు చూసి "బాగుందండీ, కానీ ఈవిడ మా అమ్మ కాదు" అన్నాడు. నా పనితనం గురించి పావుగంట వాదించాను, సిగ్గులేకుండా. చివరికి పెన్సిల్ తుడిచి మళ్లీ ప్రింటు వేసిచ్చాను.

నిర్వాహకులకు నా మనవి ఒకటే. జడ్జి ముందు తనకేం కనిపించిందో చెప్పాలి, తర్వాత తీసినవాళ్లను అడగాలి, ఆ రెంటికీ ఎక్కడ తేడా వచ్చిందో అప్పుడు మాట్లాడాలి. ఫొటోకి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. సన్మానాలకూ శాలువాలకూ ఆ రోజు గంటన్నర పట్టింది.

ఆ అమ్మాయి మళ్లీ మంగళగిరి వెళ్తానంది. అటక మీదున్న నా పాత స్టాండు దింపి ఇచ్చాను. ఒక కాలి మర కాస్త లూజు, చూసుకోమన్నాను.

— ఒక పాత స్టూడియో ఫొటోగ్రాఫర్, తెనాలి