ఫ్రేజల్ వెర్బ్స్ జాబితాలతో రావు

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడితే చాలు, పత్రికల విద్యార్థి పేజీల్లో ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియకు అప్, ఆఫ్ లాంటి చిన్నమాట చేరి ఏర్పడేవి) జాబితాలు మొదలవుతాయి. ‘పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం’ అంటూ బారెడు వరస. పిల్లలు ఎక్కాల్లా వల్లిస్తారు, వారం తిరిగేసరికి ఆఫ్‌కూ అవుట్‌కూ తేడా మరిచిపోతారు. మీ పేజీలోనైనా ఈ పద్ధతి మార్చాలని కోరుతున్నాం.

అసలు చిక్కంతా రెండు భాషలు వాక్యం కట్టే తీరులో ఉంది. తెలుగులో దిశ క్రియలోనే ఇమిడి ఉంటుంది: ఎక్కు, దిగు, దాటు. ఎలా కదిలారన్నది దానికి ముందు చేరుతుంది. ‘పెన్నా నదిని ఈది దాటాడు’ అంటాం. ఇంగ్లిషులో ఇది తిరగబడుతుంది. ఈత క్రియ అవుతుంది, దాటడం చిన్నమాట అవుతుంది: ‘హి స్వామ్ ఎక్రాస్ ద పెన్నా’. మన పిల్లలు ‘హి క్రాస్డ్ ద పెన్నా బై స్విమ్మింగ్’ అని రాస్తారు. వ్యాకరణం తప్పలేదు, నుడికారం తప్పింది.

‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ కూడా మన ‘దిగు’ చలవే. బ్రిటన్, అమెరికాల్లో ‘గెట్ ఆఫ్ ద బస్’ అంటారు. లేచి నడవడానికి చోటుండే బస్సు, రైలు, విమానాలకు ఆన్, ఆఫ్ వాడతారు. ఒదిగి కూర్చునే కారుకు ఇన్, అవుట్ వాడతారు.

అప్ అంటే ‘పైకి’ అని మాత్రమే నేర్పితే, ‘ద పాండ్ డ్రైడ్ అప్’ దగ్గర పిల్లలు ఆగిపోతారు. ఇక్కడ అప్ చెప్పేది పూర్తిగా అయిపోవడాన్ని. దీనికి జత మన భాషలోనే ఉంది. తిను అంటే ఈట్, తినేయ్ అంటే ఈట్ అప్. చెరువు ఎండితే డ్రైడ్, ఎండిపోతే డ్రైడ్ అప్. ‘వేయి’, ‘పో’ చేసే పనే అక్కడ అప్ చేస్తోంది. అన్నిచోట్లా ఈ జత కుదరదు. కాగితం కాలిపోతే బర్న్‌డ్ అప్, ఇల్లు కాలిపోతే బర్న్‌డ్ డౌన్, ఇల్లు నేలకూలుతుంది కనుక.

మార్కులు ఎక్కువగా పోయేది ‘ఇట్’ దగ్గర. ‘టర్న్ ఆఫ్ ద ట్యాప్’, ‘టర్న్ ద ట్యాప్ ఆఫ్’ రెండూ ఒప్పే. ట్యాప్ బదులు ఇట్ పెడితే మాత్రం అది మధ్యలోకే రావాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. కానీ కావలి దగ్గర హైవే మీదనుంచి పక్కకు తిరిగితే ‘టర్న్ ఆఫ్ ద హైవే’. ఈ ఆఫ్ హైవేకు చెందిన మాట, క్రియకు చెందినది కాదు. అందుకే ఇక్కడ ‘టర్న్ ఇట్ ఆఫ్’ అనకూడదు. పైకి చదివించినా తేడా తెలుస్తుంది: ‘స్విచ్ ఇట్ ఆఫ్’లో ఊనిక ఆఫ్ మీద, ‘లుక్ ఎట్ ఇట్’లో లుక్ మీద పడుతుంది.

‘పుట్ అప్ విత్’ (ఓర్చుకోవడం) లాంటి వాటిలో దిశ దొరకదు, అవి కంఠస్థం చేయాల్సిందే. మనవాళ్లు తరచూ వాడే ‘కోప్ అప్ విత్’లో మాత్రం అప్ అక్కర్లేదు, ‘కోప్ విత్’ చాలు.

మీ పేజీలో వారానికి ఒక్క చిన్నమాటే తీసుకోండి. ఒక వారమంతా అప్, మరో వారమంతా ఆఫ్. ఆ మాటతో ఆరేడు వాక్యాలు ఇవ్వండి, వాటిలో రెండు ‘ఇట్’ ఉన్నవి కావాలి. ప్రతి వాక్యానికీ ఎదురుగా తెలుగు క్రియ ఇవ్వండి, ఎండిపోయిందిలో ‘పో’ను, తినేయ్‌లో ‘ఏయ్’ను మందమైన అక్షరాల్లో అచ్చువేయండి.

– ఇంగ్లిషు ఉపాధ్యాయులు, ఒంగోలు, ప్రకాశం జిల్లా